రెండు శాతం ఎక్కడికి పోయింది?

చిరంజీవి శ్రావణికి,

నీ ఉత్తరం, దాంతో పంపిన పీహెచ్‌డీ ప్రతిపాదన రెండూ చదివాను. ఉత్తరం బాగుంది. ప్రతిపాదన గురించే నాలుగు మాటలు చెప్పాలి.

జింక్ ఆక్సైడ్ పల్చటి పొరల్లో అల్యూమినియం, మెగ్నీషియం, రాగి, కోబాల్ట్, మాంగనీస్ ఒక్కొక్కటీ సున్నా నుంచి ఐదు శాతం దాకా కలుపుతానన్నావు. ప్రతిదానికీ ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణ వివర్తనం), సెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు), యూవీ తీసి ఐదు పేపర్లు రాస్తానన్నావు. ఇలా చేస్తే డిగ్రీ వస్తుంది, అనుమానం లేదు. చాలామందికి ఇలాగే వచ్చింది. నీకు మాత్రం ఐదు వద్దంటాను. అల్యూమినియం ఒక్కటి పట్టుకో. నువ్వు వేసిన రెండు శాతమూ ఎక్కడెక్కడికి చేరిందో లెక్క చెప్పగలిగేదాకా ఇంకోదాని జోలికి వెళ్లకు.

డోపింగ్ అంటే సీసాలో ఇంకో లవణం వేయడం కాదు. జింక్ ఆక్సైడ్ స్ఫటికంలో ప్రతి జింక్ అయాన్‌కూ రెండు ధనావేశాలు. అల్యూమినియానికి మూడు. అది జింక్ స్థానంలో సరిగ్గా కూర్చుంటే ఒక ఎలక్ట్రాన్ మిగులుతుంది, అది స్ఫటికమంతా తిరుగుతూ కరెంటు మోస్తుంది. చూపుకి గాజులా ఉంటూనే కరెంటు పారనిచ్చే పొర అలా తయారవుతుంది. ఫోన్ తెరల్లో ఇదే పని ఇండియం ఆక్సైడ్‌లో తగరం కలిపి చేస్తారు. ఇండియం ఖరీదు, జింక్ చవక. మీ గైడు గారికి ఈ పదార్థం మీద ఆసక్తి అందుకే అనుకుంటాను.

అయితే ఆవేశం లెక్క తీర్చుకోవడానికి స్ఫటికానికి దారి ఇదొక్కటే కాదు, ఇక్కడే కాస్త నిదానించు. జిర్కోనియం ఆక్సైడ్ (జిర్కోనియా) సంగతి చూడు. అక్కడ జిర్కోనియానికి నాలుగు ఆవేశాలు, దాని స్థానంలోకి వచ్చే యిట్రియానికి మూడు. లోటును పూడ్చుకోవడానికి స్ఫటికం ఎలక్ట్రాన్లను కదిలించదు. రెండు యిట్రియాలకు ఒక ఆక్సిజన్ చొప్పున వదిలేసి ఖాళీలు ఉంచుకుంటుంది. బాగా వేడెక్కితే ఆ ఖాళీల మీదుగా ఆక్సిజన్ అయాన్లు గెంతుకుంటూ పోతాయి. వాల్తర్ నెర్న్‌స్ట్ 19వ శతాబ్దం చివర్లో ఇలాంటి కడ్డీతోనే దీపం చేశాడు. ఇవాళ కార్ల పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ పనిచేసేదీ ఈ ఖాళీల మీదే.

ఆ ఒక్క డోపింగే ఇంకో ఉపకారమూ చేస్తుంది. ఏమీ కలపని జిర్కోనియా కాల్చి చల్లారుస్తుంటే 1,170 డిగ్రీల కింద నిర్మాణం మారి, ఉబ్బి, పగిలిపోతుంది. మూడు మోల్ శాతం యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) వేస్తే పన్ను తొడుగు చేసుకునేంత గట్టి సెరామిక్. ఎనిమిది వేస్తే అయాన్లు జోరుగా పారే ఎలక్ట్రోలైట్. ఇంకా వేస్తే? వాహకత తగ్గడం మొదలవుతుంది, ఎందుకంటే ఖాళీలు డోపెంట్లను అంటిపెట్టుకుని కదలడం మానేస్తాయి. మూడు ఆవేశాల అయాన్ ఒకచోట ఎలక్ట్రాన్ ఇచ్చింది, ఇంకోచోట ఖాళీ తెచ్చింది. క్రోగర్, వింక్ 1956లో పెట్టిన సంకేతాలు ఈ లెక్క రాసుకోవడానికే. ఒక వారం కూర్చుని నేర్చుకో. అవి రాకుండా డోపింగ్ పేపర్ చదివితే సగమే అర్థమవుతుంది.

ఇక నీ బల్ల దగ్గరికి వస్తాను. సోల్-జెల్ పద్ధతిలో రెండు శాతం పొరకి, మొత్తం 0.01 మోల్ ద్రావణానికి, జింక్ అసిటేట్ డైహైడ్రేట్ 2.15 గ్రాములు, అల్యూమినియం నైట్రేట్ నోనాహైడ్రేట్ 0.075 గ్రాములు తూచాలి. ఆ 75 మిల్లీగ్రాములే కొంప ముంచేది. వానాకాలంలో సీసా మూత తీయగానే ఆ పలుకులు చెమ్మ పీల్చుకుంటాయి. గరిటె అంచున అంటుకుంటాయి. బ్యాలెన్సు మీద చూస్తుండగానే చివరి అంకె పైకి పాకుతుంది. నాలుగు మిల్లీగ్రాముల నీరు చేరినా ఐదు శాతం పైగా తేడా. అందుకని తడవకింత తూచకు. నాలుగైదు గ్రాములు ఒకేసారి తూచి నిల్వ ద్రావణం కలుపుకో, దాని గాఢతను మూలకాల మోతాదు కొలిచే ఐసీపీతో తేల్చుకో, తర్వాత పిపెట్‌తో తీసుకో. పేపర్లో "2 శాతం" అని రాసేటప్పుడు అది వేసిన శాతమా, పొరలో కొలిచిన శాతమా విడిగా చెప్పు. చెప్పనివాళ్లే ఎక్కువ.

పొర వేసే గాజు సంగతి ఇంకా ముఖ్యం. మామూలు మైక్రోస్కోప్ స్లైడు సోడా-లైమ్ గాజు. అందులో సోడియం దండిగా ఉంటుంది, అల్యూమినా కూడా కొంత ఉంటుంది. 500 డిగ్రీల్లో కాలిస్తే సోడియం పొరలోకి ఎక్కుతుంది. జింక్ స్థానంలో కూర్చుంటే అది ఎలక్ట్రాన్లను మింగే రకం, అంటే నువ్వు వేసిన అల్యూమినియానికి సరిగ్గా ఎదురు. ఇక సెమ్‌లో మూలకాలను గుర్తించే ఈడీఎస్ కొలతకు వాడే ఎలక్ట్రాన్ కిరణం ఒక మైక్రాన్ లోతుకు దిగుతుంది, నీ పొర మందం అందులో మూడో వంతు కూడా ఉండదు. తెర మీద కనబడే అల్యూమినియం గీత పొరదా, గాజుదా? ఎలా చెబుతావు? క్వార్ట్జ్ ముక్కలు అడిగి తెప్పించుకో. ఖరీదంటారు, అయినా అడుగు.

ఎక్స్‌ఆర్‌డీకి వద్దాం. జింక్ ఆక్సైడ్ 002 శిఖరం 34.4 డిగ్రీల దగ్గర వస్తుంది. అల్యూమినియం అయాన్ చిన్నది కనుక ఆ శిఖరం కుడికి జరిగితే, అదిగో లోపల కూర్చుంది అని అందరూ రాస్తారు. పొరలో బిగువు ఉన్నా జరుగుతుంది. నమూనాను ఎత్తు తప్పి బిగించినా జరుగుతుంది. పొడులు చేసేటప్పుడైతే కాస్త సిలికాన్ పొడి కలుపు, దాని శిఖరం 28.44 దగ్గర కదలకుండా నిలబడితేనే నీ కదలికను నమ్ము. అలాగే "జింక్ అల్యూమినేట్ శిఖరాలు కనబడలేదు, కాబట్టి వేరే ఫేజ్ లేదు" అన్న వాక్యం ప్రతి పేపర్లోనూ కనిపిస్తుంది. నువ్వు రాయొద్దు. వేసిన అల్యూమినియమంతా ఆ జింక్ అల్యూమినేట్ స్పినెల్‌గా మారినా రేణువుల అంచుల్లో చిన్నచిన్న నలుసులుగా మిగిలితే, మామూలు యంత్రానికి అంత తక్కువ మోతాదు అందకపోవచ్చు. కనబడకపోతే లేనట్టు కాదు.

నేను నమ్మే కొలత, తిరిగే ఎలక్ట్రాన్లు ఎన్నో చెప్పే హాల్ ఎఫెక్ట్. లెక్క ఒక కాగితం ముక్క మీద పడుతుంది: జింక్ ఆక్సైడ్‌లో ఘన సెంటీమీటరుకు సుమారు 4.2×10²² జింక్ స్థానాలు. అందులో రెండు శాతం 8.4×10²⁰. ఒక్కో అల్యూమినియం ఒక్కో ఎలక్ట్రాన్ ఇస్తే అన్ని ఎలక్ట్రాన్లు కనబడాలి. కొలిస్తే 2×10²⁰ వచ్చిందనుకో, నాలుగింట మూడు వంతుల అల్యూమినియం పని చేయడం లేదన్నమాట. కొంత స్పినెల్‌లోకి పోయి ఉండొచ్చు. కొంతమేర జింక్ ఖాళీలు లెక్క చెల్లగొట్టి ఉండొచ్చు. రేణువుల అంచున అతుక్కున్న ఆక్సిజన్ కొన్ని ఎలక్ట్రాన్లను పట్టేసి ఉండొచ్చు. గాలిలో కాల్చిన పొర ఒకలా, హైడ్రోజన్ కలిసిన వాయువులో కాల్చింది ఇంకోలా పలుకుతుంది. ఆపైన హైడ్రోజన్ తానే ఎలక్ట్రాన్లను ఇవ్వగలదని వాన్ డి వాల్ 2000లో లెక్క కట్టి చూపించాడు. అందుకే డోప్ చేయని పొరను కూడా అదే కొలిమిలో, అదే వాయువులో, అన్నిసార్లూ కాల్చు. కిటికీ వెలుతురు తగిలిన పొరను వెంటనే కొలవకు, ఒక రాత్రి చీకట్లో ఉంచు. అతినీల కాంతి ఆ అంచుల ఆక్సిజన్‌ను ఊడగొట్టి నిరోధం పడగొడుతుంది, మళ్లీ అది కోలుకోవడానికి గంటలు పడుతుంది. నీ థీసిస్ అంతా నా దృష్టిలో పని చేయని ఆ మూడు వంతుల అల్యూమినియాన్ని వెతకడమే.

బ్యాండ్ గ్యాప్ మీద అంత మమకారం వద్దు. ఎలక్ట్రాన్లు ఎక్కువై కింది మెట్లు నిండిపోతే గ్యాప్ పెద్దదైనట్టు కనిపిస్తుంది. దాన్ని బర్‌స్టీన్, మాస్ 1954లోనే వివరించారు. హాల్ కొలత లేకుండా, యూవీ కొలత నుంచి గ్యాప్ తేల్చే టౌక్ గీత ఒక్కటే చూపి 0.03 ఎలక్ట్రాన్ వోల్టులు పెరిగిందని చెబితే, స్కేలు ఎక్కడ పెట్టావని అడుగుతాను. టైటానియం ఆక్సైడ్‌లో నైట్రోజన్ వేస్తే కనబడే వెలుతురులో పనిచేస్తుందని అసాహి బృందం 2001లో చూపించింది. గ్యాప్ నిజంగా సన్నబడిందా, మధ్యలో విడి మెట్లు ఏర్పడ్డాయా అని తర్వాత ఎన్నేళ్లు వాదించుకున్నారో చూస్తే ఆ గీత ఎంత చెప్పలేదో తెలుస్తుంది.

కోబాల్ట్, మాంగనీస్ అయస్కాంతత్వం కోసమని రాశావు. 2000లో డీట్ల్ బృందం అది సాధ్యమని అంచనా వేసిన దగ్గర్నుంచి ఆ దారిలో జనం కిక్కిరిశారు. 2004లో హాఫ్నియం ఆక్సైడ్ పొరలకు అయస్కాంత గుణం ఉందని నేచర్‌లో వచ్చింది. మరుసటేడే ఐబీఎం వాళ్లు తమ హాఫ్నియం పొరల్లో అలాంటిదేమీ లేదనీ, స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టకారుతో పట్టుకుంటే మాత్రం అలాంటి సంకేతమే వస్తోందనీ చూపించారు. ఎప్పటికైనా ఆ వైపు వెళ్తే ముందు ప్లాస్టిక్ పట్టకారు కొనుక్కో.

గైడు గారితో గొడవ పెట్టుకోకు. ఐదు డోపెంట్లు ఆయన ఆలోచన అయితే, మొదటి ఏడాది అల్యూమినియం మాత్రమే చేస్తాననీ, మిగతావి దాని ఫలితం చూసి నిర్ణయిద్దామనీ చెప్పు. ఒప్పుకుంటారు. హాల్ యంత్రం మీ దగ్గర లేదన్నావు కదా, వేరే ల్యాబులో ముందే తేదీ అడిగి పెట్టుకో, నెలలు పడుతుంది. మొదటి కొలతలు డోప్ చేయని పొరవే తీసి నాకు పంపు, ఫోన్లో ఫొటో పెట్టినా చాలు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఉంటాను,
మావయ్య