సగము దాటని గెలుపు

నలువదిమంది గల తరగతిలో నాయకుని పదవికి ముగ్గురు పోటీ చేసిరనుకొందము. వారికి వరుసగా 18, 12, 10 వోట్లు వచ్చినవి. మొదటివాడే గెలిచెనందుము. కాని అతనిని కోరనివారు 22 మంది కదా! అందఱికంటె ఎక్కువ వోట్లు వచ్చుట వేఱు; సగమునకు మించి వచ్చుట వేఱు.

అమెరికాలో రాష్ట్ర గవర్నరును ప్రజలే ఎన్నుకొందురు. అచ్చటి వెర్మాంటు రాష్ట్రమున ఎవ్వరికిని సగమునకు మించి వోట్లు రానిచో, శాసనసభ్యులు రహస్య వోటుతో నిర్ణయింతురు. 2014 ఎన్నిక అట్లే తేలక, 2015 జనవరిలో 110 - 69 వోట్లతో తీర్మానమయ్యెను. మన దేశమున గవర్నరును రాష్ట్రపతి నియమించును. ముఖ్యమంత్రిని గవర్నరు నియమించును. అయినను ఇట్టి చిక్కే ఇచ్చటను వచ్చినది.

1952లో ఆంధ్ర జిల్లాలును, మన కోయంబత్తూరు, మధుర జిల్లాలును ఒక్క మదరాసు రాష్ట్రముననే యుండెను. శాసనసభ స్థానములు 375. అధిక సంఖ్యకు 188 కావలెను. కాంగ్రెసునకు 152 మాత్రమే వచ్చెను. కమ్యూనిస్టులకు 62 వచ్చెను. అప్పటి ముఖ్యమంత్రి, రాజపాళయపు తెలుగువాడైన కుమారస్వామి రాజాగారే ఓడిపోయిరి.

కాంగ్రెసేతరులు పెక్కుమంది టంగుటూరి ప్రకాశం పంతులుగారిని నాయకునిగా నిలిపి, ప్రభుత్వము తమకే దక్కవలెననిరి. గవర్నరు శ్రీప్రకాశగారు రాజాజీని పిలిచిరి. రాజాజీ ఎన్నికలో నిలువలేదు, శాసనమండలికి నియమితులైరి. ఏప్రిల్ 10న వారు ముఖ్యమంత్రియైరి. ఇది న్యాయము కాదని పలువురు వాదించిరి. పెద్దపక్షమునే పిలువవలెనని మఱికొందఱనిరి. పిమ్మట ఆర్గురు సభ్యులు గల కామన్వీల్ పక్షము వంటి చిన్న పక్షములు రాజాజీకి తోడైనవి. జూలై 3న సభలో విశ్వాస తీర్మానము 200 - 151 వోట్లతో నెగ్గెను.

దీనివలన రెండు సంగతులు నేర్వవలెను. బలము లెక్కింపవలసినది గవర్నరు గదిలో కాదు, సభలో. 1994లో బొమ్మై వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ సూత్రమునే స్థిరపఱచినది. రెండవది, ఎవ్వరికిని సగము దాటనప్పుడు అల్పసంఖ్యాకుల మాటకు విలువ పెరుగును. ఆ విలువను పదవికి అమ్ముకొనవచ్చును. తమ్ము నమ్మినవారి మేలునకును వినియోగింపవచ్చును. తమిళ సీమలో కొలదిమందిగా నున్న మనము ఈ భేదమును మఱువరాదు. మన వోటు చిన్నదని ఇంట కూర్చుండుట మాత్రము తగదు.

ప్రశ్నలు:
1. 1952లో అధిక సంఖ్యకు కాంగ్రెసునకు ఎన్ని స్థానములు తక్కువయ్యెను?
2. నీవే గవర్నరువైనచో ఎవ్వరిని పిలిచియుందువు? కారణములు వ్రాసి, ఇంటిలోని పెద్దలతో చర్చింపుము.