ధర్మానికి సరిహద్దు ఉందా?

విభీషణుడు శరణు కోరి వచ్చినప్పుడు సుగ్రీవుడు వద్దన్నాడు. శత్రువు తమ్ముడు, ఎలా నమ్ముతాం అన్నాడు. సేనను కాపాడాల్సినవాడు అలా అడగడంలో తప్పు లేదు. కానీ రాముడు, వచ్చింది రావణుడే అయినా అభయం ఇస్తానన్నాడు.

ఇది మన రోజులకి ఎలా వర్తిస్తుంది? కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి ఎంతోమంది గల్ఫ్‌కి పనికి వెళ్తారు. ఖతార్‌లో ఉద్యోగం మారాలంటే పాత యజమాని అనుమతి కావాల్సి వచ్చేది. 2020లో ఆ నిబంధన తీసేశారు. 2021 మార్చి నుంచి ఏ దేశం వాళ్లకైనా నెలకు 1,000 రియాల్స్ కనీస వేతనం అమల్లోకి వచ్చింది. మనవాళ్లకి న్యాయం జరిగిందని సంతోషిస్తాం.

మరి మన అపార్ట్‌మెంట్‌లో పనిచేసే నేపాల్ వాచ్‌మన్ సంగతి? ఆయనకి వారానికి ఒక్క సెలవైనా ఉందా?

గృహస్థు ముందు తన పిల్లలకే అన్నం పెడతాడు, అది ధర్మమే. అలాగని పక్కింటివాడి కూలి ఎగ్గొట్టకూడదు కదా! దేశాలకీ అంతేనని నేను నమ్ముతాను. సాయంలో ముందూ వెనకా ఉండొచ్చు, న్యాయంలో ఉండకూడదు.

ఈ వారం సాధన: వాచ్‌మన్ జీతం, సెలవు గురించి అసోసియేషన్ మీటింగ్‌లో మీరే అడగండి. జై శ్రీరామ్.