మోరిస్ చాంగ్

సెల్‌ఫోనునందును, మోటారు కారునందును, వైద్యుని పరికరములయందును నేడు గోరంత సిలికాను పలుక యొకటి దాగి పనిచేయుచుండును. దానినే చిప్పు అందురు. లోకమునందలి అనేక సంస్థలకు ఇట్టి చిప్పులను తయారుచేసి యిచ్చు కర్మాగారమును తైవాన్ ద్వీపమున నెలకొల్పినవాడు మోరిస్ చాంగ్. అప్పటికి అతని వయస్సు 55 సంవత్సరములు.

చాంగ్ 1931లో చైనాలోని నింగ్బో నగరమున జన్మించెను. అతని బాల్యము యుద్ధముల నడుమ ఊరూరు మారుటతోనే గడచెను. రచయిత కావలెనని అతని కోరిక. రచన కూడు పెట్టదని తండ్రి వారించెను. 1949లో అమెరికా చేరి, హార్వర్డులో ఒక యేడు చదివి, పిదప మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో యంత్రశాస్త్రము నభ్యసించెను. కాని డాక్టరేటునకు అర్హతనిచ్చు పరీక్షలో రెండు పర్యాయములు తప్పెను.

ఇక ఉద్యోగము వెదకికొనక తప్పలేదు. ఫోర్డు మోటారు కంపెనీ నెలకు 479 డాలర్లును, సిల్వేనియా అను సంస్థ 480 డాలర్లును ఇచ్చెదమనెను. చాంగ్‌నకు మోటారు కంపెనీయే యిష్టము. జీతము కొంచెము పెంచుడని యడుగగా వారంగీకరింపలేదు. ఆ యొక్క డాలరు భేదమే అతనిని ట్రాన్సిస్టరుల పనిలోనికి త్రోసెను. ఆ విద్య అతడెరుగనిది. పగలెల్ల పనిచేసి, రాత్రులందు తాను దిగిన హోటలులో షాక్లీ వ్రాసిన శాస్త్రగ్రంథమును చదువుచు, అర్థముకాని తావులను అచటికి వచ్చు ఒక పెద్ద ఇంజనీరు నడిగి తెలిసికొనుచుండెను.

1958లో అతడు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో చేరెను. అచట ఐ.బి.యం. కొరకు చేయుచున్న ఒక తరగతి ట్రాన్సిస్టరులు దాదాపు అన్నియు పనికిరానివగుచుండెను. ఆ పని ఈ క్రొత్తవానికి అప్పగింపబడెను. చాంగ్ ఉష్ణోగ్రతను, పీడనమును కొలదికొలదిగా మార్చి చూచుచు, కొన్ని నెలలలో నూటికి 20కి పైగా మంచివి వచ్చునట్లు చేసెను. ఇరువది యన నెంత యని తోచవచ్చును. ఐ.బి.యం. సొంత కర్మాగారమునందే నూటికి 10 మాత్రము నిలుచుచుండెను! సంస్థ తన ఖర్చుతో అతనిని స్టాన్‌ఫర్డునకు పంపెను. ఒకప్పుడు చేజారిన డాక్టరేటు 1964లో లభించెను.

అచట పెద్ద పదవులు పొందెను. కాని తుదకు గడియారములు, గృహోపయోగ కంప్యూటర్లు చేయు శాఖ అతని చేతిలో వర్ధిల్లలేదు. 25 సంవత్సరముల కొలువు విడిచి 1983లో వెలుపలికి వచ్చెను.

1985లో తైవాన్ ప్రభుత్వము అతనిని పరిశోధన సంస్థ అధ్యక్షునిగా పిలిచి, చిప్పుల సంస్థ నొకదానిని స్థాపింపుమని కోరెను. చాంగ్ ముందు ఆ దేశమునకు లేనివేవో లెక్కించెను. చిప్పులను రూపొందించు నేర్పు లేదు; ప్రపంచమున అమ్ముకొను బలము లేదు; తయారుచేయు నేర్పు మాత్రము కొంత కలదు. కావున తమకై ఏ చిప్పును రూపొందింపక, పరులు రూపొందించినవానినే తయారుచేసి యిచ్చు కర్మాగారము పెట్టుదమనెను. మన పల్లెలలోని ధాన్యపు మిల్లు వంటిదే యిది. మిల్లువాడు తానును బియ్యపు వర్తకుడైనచో రైతునకు అనుమానము. కూలికి దంచి యిచ్చుటతో సరిపుచ్చుకొనువానివద్దకు నిర్భయముగ బండి తోలును. కొనువారితో ఏనాడును పోటీపడమను ఈ మాటయే చాంగ్ పెట్టిన అసలు పెట్టుబడి.

డబ్బు పెట్టుటకు ఇంటెల్ ఒప్పుకొనలేదు. అతని పాత సంస్థయు ఒప్పుకొనలేదు. హాలండు దేశపు ఫిలిప్స్ 27.5 శాతము వాటా తీసికొనెను. రమారమి సగము ప్రభుత్వము భరించెను. తక్కినది తైవాన్ ధనికులు, కొందరు మనసొప్పకయే, ఇచ్చిరి. 1987లో టి.యస్.యం.సి. ఆరంభమయ్యెను. కొలదికాలమునకే ఇంటెల్ తన ఇంజనీర్లను పంపి, లోపములను దిద్దించి, పని యిచ్చెను. ఫ్యాక్టరీ కట్టుకొనలేని చిన్న సంస్థలును వచ్చినవి. ఎన్‌విడియా స్థాపకుడు జెన్‌సెన్ హువాంగ్ ఉత్తరము వ్రాయగా, చాంగ్ స్వయముగ టెలిఫోను చేసి మాటలాడెను.

2005లో చాంగ్ ముఖ్య కార్యనిర్వహణ పదవిని విడిచెను. లోకమంతట వ్యాపారము కుంగిన దినములలో సంస్థ కొందరు పనివారిని తొలగించెను. 2009లో, 77వ యేట, చాంగ్ మరల పగ్గములు పట్టి, తొలగింపబడినవారిని తిరిగి రమ్మని పిలిచెను. ఇతరులు ఖర్చు తగ్గించుకొను వేళ అతడు యంత్రములపై వ్యయమును 2010లో రెట్టింపునకు పైగా పెంచెను. సాహసమే, కాని చేతిలో ఇముడు ఫోనులకు గిరాకి హెచ్చి, ఆ యంత్రములకు తీరిక లేకపోయెను.

2018లో అతడు విశ్రాంతి తీసికొనెను. పిమ్మట కలము పట్టి, 1998లో మొదటి భాగము వెలువడిన తన ఆత్మకథను ముగించెను. రెండవ భాగము 2024లో, అతని 93వ యేట, ప్రకటింపబడెను.