అతుకుల బొంత: పావు అంగుళపు లెక్క

ప్రశ్న: అయ్యా, పాత నూలుచీరలతో తొక్కుడు మిషనుపై అతుకుల బొంత కుట్టుచున్నాను. 3 అంగుళముల చదరపు ముక్కలన్నియు సమముగనే కోసితిని. అయినను 8 ముక్కల వరుసలలో ఒకటి పొట్టిగను, ఒకటి పొడవుగను వచ్చి, మూలలు కలియుట లేదు. దోషము కత్తెరదా, మిషనుదా?
— ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: సోదరీ, దోషము ఆ రెంటిది కాదు, కుట్టుకై విడిచెడి మార్జినుది. రవిక కుట్టునపుడు ధారాళముగ గుడ్డ విడిచి పిదప సరిచేసికొనుట చెల్లును గాని, పావు అంగుళమే విడిచెడి బొంతపనిలో అది చెల్లదు. ఏలయన, ప్రతి కుట్టునందును రెండు ముక్కల అంచులు లోనికి పోవును గనుక, ఒక్కొక్క అంచున 1/16 అంగుళము అధికమైనను కుట్టునకు 1/8 వంతున 7 కుట్లకు 7/8 అంగుళము హరించి, 20½ అంగుళములు రావలసిన మీ వరుస 20 అంగుళములకైనను చాలకపోవును.

మిషను పాదపు అంచు సూదికి పావు అంగుళమే దూరమున్నదని నమ్మరాదు. కాగితపు అంచునుండి పావు అంగుళమున గీత గీచి, దారము తీసిన సూదిని చేతిచక్రము త్రిప్పి ఆ గీతపైకి దించి, కాగితపు అంచు నిలిచినచోట మిషను పలకపై టేపును నాలుగైదు పొరలుగ అంటింపుడు. పాత నల్లమిషనులకు సూదికి కుడివైపున సాధారణముగ ఒక మరరంధ్రముండును. అందు క్లాత్ గైడు బిగించుట ఇంకను మేలు. కుట్టునపుడు చూపు సూదిపై గాక గైడుపై నిలుపవలెను.

అయినను సరిగా పావు అంగుళమున కుట్టిన చాలదు. అతుకు మడత తిరుగుచోట ఒకటి రెండు పోగుల మందము పోవును గనుక, మార్జిను వెంట్రుకవాసి తక్కువగ నుండవలెను. దీనికి పరీక్ష కలదు: 1½ అంగుళముల వెడల్పుగల పట్టీలు మూడు వరుసగ కుట్టి, ఇస్త్రీ చేసి, నడిమిదానిని కొలువుడు. సరిగా 1 అంగుళముండవలెను. తగ్గినచో గైడును సూదివైపునకు, మించినచో ఆవలికి జరుపుడు. ఈ చిన్న పరీక్షను విడిచి, రాశులుగ ముక్కలు కుట్టివేసి, పిదప కుట్లు విప్పుకొనుచుండువారిని చూచినపుడు నాకు మిగుల ఖేదము కలుగును.

పాతచీర మెత్తనిది, పాదము క్రింద సాగి ప్రక్కకు జారును. కావున ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసిన పిమ్మటనే కోయవలెను. అతుకులపై ఇస్త్రీపెట్టెను ఒత్తవలెను గాని ఈడ్వరాదు. ఒక వరుస అతుకులను కుడికి, తరువాతి వరుసవానిని ఎడమకు మడచినచో, మూలలు ఒకదానినొకటి పట్టుకొని కలియును.

ప్రశ్న: వరంగల్ కొత్తవాడ జంపఖానా ముక్కలు మిగిలినవి. వానినికూడ పావు అంగుళముతోనే బొంతలో అతుకవచ్చునా?
— ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: కూడదు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలలో మందపు పేక పడుగును కప్పివేయును. కోసినంతనే అంచున ఆ పేకపోగులు విడిపోవును. కోయదలచిన గీతకు ఇరువైపుల ముందుగనే కుట్టువేసి, పిదప కోసి, ముప్పావు అంగుళము మార్జినుతో, 18వ నంబరు సూదితో, పొడవైన కుట్లతో కలిపి, అతుకును ఇరుప్రక్కలకు విప్పి అణచవలెను. వానితో ఆసనములు కుట్టుకొనుడు. చీరగుడ్డల బొంతలో మాత్రము కలుపకుడు, తడిసిన జంపఖానా బరువునకు ప్రక్కనున్న మెత్తని గుడ్డ చినుగును.