పేజీ మారే వేళ బ్రౌజరు లోపల ఏం జరుగుతుంది?

లింకు నొక్కుతాం; పాత పేజీ పోయి కొత్త పేజీ వస్తుంది. ఇంతే గదా అనిపిస్తుంది. కాని కొత్త పేజీని ఎక్కడ దింపాలి, ఆ సంగతి ఎవరు నిర్ణయించాలి అనే ప్రశ్నలు చాలా ముఖ్యమైనవి. మన బ్యాంకు ఖాతా భద్రత కూడా వాటి మీద ఆధారపడి ఉంది.

2008లో గూగుల్ విడుదల చేసిన క్రోమ్ బ్రౌజరు మొదటినుంచీ పలు ప్రాసెస్‌లుగా పనిచేస్తోంది. అజమాయిషీ అంతా బ్రౌజరు ప్రాసెస్‌ది. పేజీలోని కోడును నడిపి తెరకు సిద్ధం చేసేవి రెండరర్ ప్రాసెస్‌లు. ఆ కోడు బయటినుంచి వచ్చింది కనుక రెండరర్‌ను పూర్తిగా నమ్మరాదన్నది సూత్రం.

మొదట్లో లింకు నొక్కగానే సర్వరుకు కబురు పంపే పనిని పాత పేజీ ఉన్న రెండరరే మొదలుపెట్టేది. సర్వరు దారి మళ్ళించి వేరే సైటుకు పంపితే, మధ్యలో ఇంకో రెండరర్‌కు బదిలీ చేయవలసి వచ్చేది. హాస్టల్లో గదిలోని కుర్రాడే కొత్తవాణ్ణి లోపలికి పిలిచి, ఆ తరువాత వార్డెన్ వచ్చి గది మార్చినట్లన్నమాట!

ఈ పద్ధతిని మార్చడానికి చేపట్టిన పని పేరు ‘ప్లీజ్‌నావిగేట్’. 2017 ప్రాంతంలో ఇది వాడుకలోకి వచ్చింది. ఇందులో ముందుగా పాత పేజీని "వెళ్ళవచ్చునా?" అని అడుగుతారు. తరువాత బ్రౌజరు ప్రాసెస్సే కబురు పంపి, మళ్ళింపులన్నీ దాటి, జవాబు తలకట్టు చూస్తుంది. వచ్చింది డౌన్‌లోడ్ చేసుకోవలసిన ఫైలైతే పాత పేజీ కదలదు. పేజీ అయితే, చివరికి తేలిన చిరునామాను బట్టి తగిన రెండరర్‌ను ఎంచి దానికి అప్పగిస్తుంది.

2018 జనవరిలో స్పెక్టర్ అనే లోపం బయటపడింది. ప్రాసెసర్ వేగం కోసం చేసే ముందస్తు ఊహల ఆధారంగా, ఒక కోడు తనున్న ప్రాసెస్‌లోని ఇతరుల సమాచారాన్ని పసిగట్టగలదని తేలింది. అంటే బ్యాంకు పేజీ, మోసగాడి పేజీ ఒకే రెండరర్‌లో ఉండటమే ప్రమాదం. ఆ ఏడాదే క్రోమ్ 67 డెస్క్‌టాప్‌లో సైటుకొక ప్రాసెస్ చొప్పున విడదీసింది. మెమరీ వాడకం 10 నుంచి 13 శాతం పెరుగుతుందని గూగుల్ అప్పుడే చెప్పింది. భద్రత ఉచితంగా రాదు మరి!

ఇందులో కంప్యూటర్ విద్యార్థులు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. నిర్ణయం నమ్మదగిన చోట జరగాలి. అదీ వివరాలన్నీ తెలిసిన తరువాతే జరగాలి. రేపు మనం రాసే ప్రోగ్రాములకూ ఇదే వర్తిస్తుంది.