పత్తి దారిన పో, పాపా



నీ జాబు అందింది. యూనివర్సిటీలో నీకిచ్చిన విషయం ‘కడప సీమలో ఇస్లాం, స్థానిక సంస్కృతి’ అనీ, గండికోటతో మొదలు పెడతాననీ రాసినావు. అందరూ అక్కడే మొదలు పెడతారు. జమ్మలమడుగు నుంచి బస్సెక్కితే అరగంట. పెన్నా లోయ ఫోటోకు బాగుంటుంది. జామియా మసీదూ మాధవరాయస్వామి గుడీ ఒకే కోటలో ఉన్నాయి కాబట్టి మతసామరస్యమని ఒక పేరా రాసేస్తే పనైపోతుంది. నువ్వు అట్ల చేయొద్దు.

గండికోట కథ అంత తియ్యనిది కాదు. పెమ్మసాని నాయకుల నుంచి ఆ కోటను గెలుచుకున్నవాడు గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా. ఇరాన్ నుంచి వజ్రాల వర్తకుడి దగ్గర పనివాడిగా వచ్చి, వజ్రాలతో, ఓడలతో ఎదిగినవాడు. 1652లో ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియే ముత్యాలు అమ్ముకోవడానికి అతన్ని వెతుక్కుంటూ గండికోటకు వచ్చినాడు. గుళ్ళలోని రాగి విగ్రహాలు తెప్పించి, కరిగించి ఫిరంగులు పోయిస్తున్న సంగతి రాసిపెట్టి పోయినాడు. దాన్ని దాచొద్దు. దాని ఒక్కదానితోనే ఇస్లాం అంటే ఇదని తేల్చేయనూ వద్దు. అది రాజ్యకాంక్ష, వజ్రాల ఆశ. ఆ గోల్కొండకే లెక్కలు రాసినవాళ్ళలో తెలుగు నియోగులు ఎందరో!

లెక్కల సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? ప్రొద్దుటూరు పత్తి అంగట్లోనే కదా నా జీవితం గడిచింది. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, దలాలీ. మా సేటు కోమటి. పొద్దున్నే కన్యకాపరమేశ్వరికి దండం పెట్టుకుని వచ్చి ఈ మాటలతోనే దినం గడిపేవాడు. గుమాస్తా అనే నా ఉద్యోగం పేరూ పారసీదే. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేసినా జమాబందీ పోలేదు, జూలైలో మొదలయ్యే ఫసలీ ఏడూ పోలేదు. తహసీల్దారు ఇప్పటికీ తహసీల్దారే. దీనికి రెండు పేజీలు చాలు.

నువ్వు ఎక్కువ పేజీలు పెట్టాల్సింది మన దూదేకుల వాళ్ళ మీద. మనవాళ్ళని చెప్పడం లేదు. నీ ప్రశ్నకు జవాబు అక్కడుందని చెబుతున్నా.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టూ నల్లరేగడి. రెడ్డి పత్తి పండిస్తాడు, తొగట సాలె మగ్గం నేస్తాడు. ఆ ఇద్దరి నడుమ విల్లు పట్టుకుని నిలబడినవాడు దూదేకుల సాయిబు. దూది ఏకితేనే ఏకు, ఏకు వడికితేనే నూలు, నూలు ఉంటేనే మగ్గం. ఆ విల్లు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, ‘అక్కా, పరుపు ఏకాలా?’ అని అడిగేవాడికి ఉర్దూతో పనేముంది? కోటల్లో, నవాబు కొలువుల్లో, బజారుల్లో బతికినవాళ్ళ ఇళ్ళల్లో దక్కనీ ఉర్దూ నిలిచింది. ఊరిమీద బతికినవాళ్ళ ఇంట్లో తెలుగే నిలిచింది. ఎవరితో పని ఉంటే వాళ్ళ భాష ఇంట్లోకి వస్తుందని నా లెక్క. సరైనదో కాదో నువ్వు పదిమందిని అడిగి తేల్చు.

ఇంట్లో తెలుగే నిలిచినందుకు మనవాళ్ళు చెల్లించిన ధర కూడా రాయి. ఉర్దూ రాదు కదా, మీరేం ముసల్మానులని ఒకరు. పేరు చూసి, మీరు తురకలు కదా అని ఇంకొకరు. ప్రభుత్వ జాబితాలోనూ అంతే, దూదేకుల వాళ్ళు బీసీ-బీలో ఉన్నారు. మరికొన్ని వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ పేరుతో నాలుగు శాతం రిజర్వేషన్ 2007లో వచ్చింది, అప్పటి ముఖ్యమంత్రి మన పులివెందుల రాజశేఖరరెడ్డి.

బ్రహ్మంగారి మఠానికి పోతే ముడుమాలకూ పో. బ్రహ్మంగారికి అందరికన్నా ప్రియమైన శిష్యుడు సిద్దయ్య దూదేకుల బిడ్డ, ఆయన మఠం అక్కడుంది. మతం విడిచినాడని నవాబుకు ఫిర్యాదు పోయిందని కథ. ఆయన పేరిట తెలుగు తత్వాలు నేటికీ పాడుతున్నారు. ఆయన్ను హిందువుల్లో కలపాలా, ముస్లింల్లో కలపాలా అని పేచీ పడేవాళ్ళు కనబడితే చాయ్ తాగి వచ్చేయి.

పేర్లు కూడా సేకరించు. రెడ్ల ఇళ్ళల్లో, బోయల ఇళ్ళల్లో దస్తగిరి, మస్తానమ్మ, బాబయ్య, కుళ్ళాయప్ప ఎట్ల వచ్చినారో అడుగు. దస్తగిరి పన్నెండో శతాబ్దపు బాగ్దాదు సూఫీ అబ్దుల్ ఖాదర్ జీలానీ. బాబయ్య పెనుకొండ దర్గా వలి. కుళ్ళాయప్ప అనంతపురం గూగూడు పీరు. బిడ్డ బతకాలని మొక్కుకుని, దర్గాలో చక్కెర చదివించి, కందూరు చేసి పెట్టుకున్న పేర్లవి. ఉగాదినాడు దేవుని కడపకు టెంకాయలతో వచ్చే ముస్లింలను కూడా చూసి రా. అక్కడి వెంకటేశ్వరుడు పెళ్ళాడిన బీబీ నాంచారి వాళ్ళ ఆడపడుచు కాబట్టి ఆయన వాళ్ళకు అల్లుడు. ఇప్పుడు పీర్లు, దర్గాలు ధర్మం కాదనే కుర్రవాళ్ళు మన ఊళ్ళల్లోనూ ఉన్నారు. వాళ్ళను వెక్కిరించొద్దు, కూర్చుని వాళ్ళ మాట వాళ్ళ మాటల్లోనే రాసుకో. నాకైతే పీర్ల చావిడి లేని మొహర్రం ఎందుకో బోసిగా ఉంటుంది.

పుస్తకాలు రెండు చెబుతా. ఖురానును మొదట తెలుగు చేసినది అనంతపురం కాలేజీ పండితుడు చిలుకూరి నారాయణరావు, 1925లో. మౌల్వీ కాదు, తెలుగు అయ్యవారు. రెండోది మన పులివెందుల పక్క వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’. 2011లో వచ్చింది, మరుసటి ఏడు సాహిత్య అకాడమీ యువ పురస్కారం దక్కింది. మసీదుకు పోయే పిల్లవాడి అమ్మ ఎట్ల మాట్లాడుతుందో మన సీమ తెలుగులో అక్కడ వింటావు.

సెలవులకు వస్తే ప్రొద్దుటూరులో పాత చిట్టాలున్న ఇళ్ళు చూపిస్తా. మిల్లులు వచ్చినాక విల్లు మూలన పడేసి పరుపులు కుట్టుకున్న ముసలివాళ్ళు ఇంకా కొందరున్నారు. గండికోట ఎక్కడికీ పోదు. ముందు వాళ్ళ దగ్గరికి రా, పాపా.

మీ తాత