కొలిచి కొందాం: టొయోటా 86కి కొత్త వీల్స్ ఎలా ఎంచుకోవాలి?

నా టొయోటా 86కి మొదటిసారి కొత్త వీల్స్ వేయించి ఇంటికి వస్తున్నాను. హైవే మీద స్పీడు గంటకు 65 మైళ్లు దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. 55కి తగ్గిస్తే ఆగిపోయింది. టైరు షాపువాళ్లు రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేసినా వణుకు పోలేదు. చివరికి ఇంటి దగ్గర జాకీ ఎత్తి వీల్ ఊడదీశాను. హబ్ వ్యాసం 56.1 మిల్లీమీటర్లు, వీల్ నడిమి రంధ్రం 73 మిల్లీమీటర్లు. ఆ ఖాళీని నింపి వీల్‌ను సరిగ్గా మధ్యలో నిలబెట్టాల్సిన రింగు లేనే లేదు. చేతి గాజంత ఉండే ఆ రింగుల ధర, మొత్తం ఖర్చులో లెక్కలోకే రాదు. నాలుగూ తెచ్చి వేశాక స్టీరింగ్ కుదురుగా నిలిచింది.

ఆ రోజు నుంచి నేను నమ్మేది ఇదే: వీల్ కొనడమంటే ముందు కొలవడం, ముచ్చట తీర్చుకోవడం ఆ తర్వాత. రంగు, డిజైను ఎవరికి నచ్చినట్టు వాళ్లు చూసుకుంటారు. కొలతలు మాత్రం కారు చెప్పినట్టే ఉండాలి. కొత్తగా ఈ దారిలోకి వచ్చినవాళ్ల కోసం, నాకు బాగా తెలిసిన 2012 నాటి మొదటి తరం టొయోటా 86నే ఉదాహరణగా తీసుకుని వరుసగా చెబుతాను.

1. ముందు మీ కారు అంకెలు రాసుకోండి

ఒక కాగితం తీసుకుని ఈ అయిదూ రాయండి.

- రిమ్ సైజు: 17×7. అంటే 17 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు.
- ఆఫ్‌సెట్: +48.
- పీసీడీ: 5×100. అయిదు బోల్టులు, వాటి కేంద్రాల మీదుగా గీసిన వృత్తం వ్యాసం 100 మి.మీ.
- సెంటర్ బోర్, అంటే వీల్ నడిమి రంధ్రం: 56.1 మి.మీ.
- స్టడ్ మర: ఎం12×1.25.

ఇక్కడే చాలామంది పొరపడతారు. బానెట్ మీద టొయోటా గుర్తు ఉంది కాబట్టి టొయోటా నట్లు సరిపోతాయనుకుంటారు. మిగతా టొయోటా కార్లలో సాధారణంగా కనిపించే మర 1.5. కానీ 86, సుబారు బీఆర్‌జెడ్ ఒకే తానులో ముక్కలు. రెండూ జపాన్‌లో గున్మా ప్రాంతంలోని సుబారు కర్మాగారంలోనే తయారయ్యాయి. అమెరికాలో ఇదే కారును మొదట సయాన్ ఎఫ్ఆర్-ఎస్ పేరుతో అమ్మారు. పేరు ఏదైనా హబ్, స్టడ్ సుబారువే. 1.5 మర నట్టును 1.25 స్టడ్‌కి బలవంతంగా ఎక్కిస్తే మర చెడుతుంది, ఆ స్టడ్‌నే మార్చుకోవాల్సి వస్తుంది.

పీసీడీ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. పాత సుప్రా, స్కైలైన్ జీటీ-ఆర్, మూడో తరం ఆర్‌ఎక్స్-7, హోండా ఎస్2000 వంటి పేరున్న జపాన్ కార్లకు 5×114.3 ఉంటుంది. అందుకే సెకండ్ హ్యాండ్‌లో దొరికే స్పోర్ట్స్ వీల్స్‌లో ఆ కొలతవే ఎక్కువ. చూడ్డానికి అయిదు రంధ్రాలూ ఒకేలా ఉంటాయి, 86కి మాత్రం ఎక్కవు.

2. కారుతో ఏం చేస్తారో తేల్చుకుని, టైరు ముందు ఎంచుకోండి

రోజూ ఆఫీసుకా? నెలకోసారి ట్రాక్ మీదకా? మంచు కురిసే ఊళ్లో ఉంటారా? జవాబును బట్టి టైరు మారుతుంది. టైరును బట్టి రిమ్ మారుతుంది. రోడ్డును తాకేది రబ్బరే కాబట్టి డబ్బు తక్కువైతే రిమ్ మీద తగ్గించండి, టైరు మీద తగ్గించకండి.

86కి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టైరు 215/45ఆర్17. మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ రకం. ఇది రోడ్డును అతిగా పట్టుకునే రేసు టైరు కాదు. ఛీఫ్ ఇంజినీర్ తెత్సుయా తాదా బృందం తయారుచేసిన ఈ కారు గొప్పతనమే అది. మామూలు వేగంలోనే వెనక భాగం మెల్లగా జారడం, దాన్ని స్టీరింగ్‌తో సరిదిద్దుకోవడం నేర్పుతుంది. బాగా వెడల్పాటి, జిగురు టైరు వేస్తే మలుపులో వేగం పెరుగుతుంది కానీ ఆ ఆట తగ్గుతుంది. ఏది కావాలో మీరే నిర్ణయించుకోండి. మొదటి అడుగుగా 17×8 రిమ్, 225/45ఆర్17 టైరు మధ్యేమార్గం.

టైరు మొత్తం వ్యాసం కూడా చూడాలి. 215/45ఆర్17 వ్యాసం సుమారు 625 మి.మీ., 225/45ఆర్17ది సుమారు 634. తేడా ఒకటిన్నర శాతం లోపే కాబట్టి స్పీడోమీటర్ 60 చూపేటప్పుడు నిజంగా వెళ్లేది దాదాపు 61. ఫరవాలేదు. లోడ్ ఇండెక్స్ మాత్రం పాత టైరు మీద ఉన్న 87 కంటే తగ్గకూడదు. 87 అంటే ఒక్కో టైరు 545 కిలోలు మోయగలదని అర్థం.

3. ఆఫ్‌సెట్ లెక్క చేతితో వేయండి

కొత్తవాళ్లు భయపడేది దీనికే. నిజానికి ఇది అయిదో తరగతి లెక్క. రిమ్ వెడల్పుకు సరిగ్గా మధ్యన ఒక గీత ఊహించుకోండి. హబ్‌కు ఆనుకునే వీల్ ముఖం ఆ గీతకు ఎన్ని మిల్లీమీటర్లు బయటివైపు ఉందో అదే ప్లస్ ఆఫ్‌సెట్. అంకె పెరిగేకొద్దీ వీల్ లోపలికి వెళ్తుంది, తగ్గేకొద్దీ బయటికి వస్తుంది.

పాత వీల్: 7 అంగుళాల్లో సగం 88.9 మి.మీ. దాన్నుంచి 48 తీసేస్తే 40.9. హబ్ ముఖం నుంచి వీల్ బయటికి వచ్చేది అంత. అదే 48 కలిపితే 136.9. లోపలికి వెళ్లేది అంత.

కొత్తది 17×8, +45 అనుకుందాం. సగం 101.6. బయటికి 56.6, లోపలికి 146.6. అంటే పాతదానికంటే బయటికి 15.7 మి.మీ., లోపలికి 9.7 మి.మీ. జరిగింది. ఇదే రిమ్ +35తో కొంటే బయటికి 25.7 మి.మీ. వస్తుంది. అంగుళానికి పైమాటే. ఫెండర్ అంచుకు రాసుకునే ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

4. ఆ అంకెలను కారు దగ్గర సరిచూడండి

లెక్క కాగితం మీద కుదిరితే చాలదు. కారును చదునైన నేల మీద పెట్టి మూడు చోట్ల చూడండి.

మొదటిది షాక్ అబ్జార్బర్ వైపు. పాత టైరు లోపలి పక్కగోడకూ ముందు షాక్ అబ్జార్బర్‌కూ మధ్య సందు కొలవండి. కొత్త వీల్ లోపలికి జరిగే దూరం అందులోంచి తీసేయండి. టైరు వెడల్పయితే పక్కగోడ పొంగు కూడా కలుపుకోండి. చివరికి కనీసం 5 మి.మీ. మిగలాలి.

రెండోది ఫెండర్ వైపు. పైనుంచి దారం వేలాడదీసి, ఫెండర్ అంచు నుంచి టైరు ఎంత లోపలుందో కొలవండి. గుంతలో పడ్డప్పుడు టైరు పైకి లేస్తుంది, మలుపులో తిరుగుతుంది. నిలబడి ఉన్న కారులో కనిపించే ఖాళీ పరిగెత్తేటప్పుడు అంతే ఉండదు. కారును కిందికి దించే స్ప్రింగులు వేసే ఆలోచన ఉంటే అవి వేశాకే ఈ కొలత తీసుకోండి.

మూడోది బ్రేక్ క్యాలిపర్. ఫ్యాక్టరీ బ్రేకులకు 17 అంగుళాల వీల్ సాధారణంగా సరిపోతుంది. పెద్ద బ్రేక్ కిట్ వేసి ఉంటే, దాని తయారీదారు ఇచ్చే నమూనా బొమ్మను అసలు సైజులో అట్టముక్క మీద కత్తిరించి వీల్ లోపల పెట్టి చూడండి. రిమ్ వ్యాసం సరిపోయినా ఊచల వంపు క్యాలిపర్‌కు తగలవచ్చు.

5. తయారీ, బరువు, ముద్రలు చూడండి

అల్లాయ్ వీల్స్ ప్రధానంగా మూడు రకాలు. కరిగించిన అల్యూమినియంను అచ్చులో పోసి చేసేవి క్యాస్ట్ వీల్స్. పోతపోశాక అంచును వేడిచేసి తిప్పుతూ రోలర్లతో ఒత్తి సాగదీసేవి ఫ్లో ఫార్మింగ్ రకం. ఎన్‌కే కంపెనీ ఆర్‌పీఎఫ్1 ఈ పద్ధతిలో పేరు తెచ్చుకున్నది. లోహపు దిమ్మెను భారీ ఒత్తిడితో నొక్కి చేసేవి ఫోర్జ్‌డ్ వీల్స్. వీటికి ధరా ఎక్కువే, గట్టిదనమూ ఎక్కువే. రేజ్ కంపెనీ 1996లో తెచ్చిన వోల్క్ రేసింగ్ టీఈ37 ఈ కోవలోది. ఆ పేరులోని 37 దాని బరువు నుంచే వచ్చింది: 15 అంగుళాల, 6 అంగుళాల వెడల్పు వీల్ 3.7 కిలోలు తూగింది.

బరువుకు ఇంత విలువ ఎందుకు? కారు బాడీని స్ప్రింగులు మోస్తాయి. వీల్, టైరు, బ్రేకులు స్ప్రింగుల కింద ఉంటాయి. ఆ బరువు తగ్గితే గతుకు దాటిన వెంటనే టైరు మళ్లీ రోడ్డును అందుకుంటుంది. పైగా వీల్ ముందుకు వెళ్లడమే కాదు, తిరుగుతుంది కూడా. బయటి అంచులో బరువు తగ్గితే వేగం అందుకోవడానికీ ఆగడానికీ ఇంజిను, బ్రేకులు పడే శ్రమ తగ్గుతుంది. పాత వీల్‌ను ఇంట్లో మనుషులు తూచుకునే మిషను మీద పెట్టి చూడండి. కొత్తది అంతకంటే బరువైతే, ఎంత అందంగా ఉన్నా అది పెర్ఫార్మెన్స్ పార్టు కాదు.

వీల్ మీద జేడబ్ల్యూఎల్, వీఐఏ ముద్రలు వెతకండి. మొదటిది జపాన్ ప్రభుత్వం తేలికలోహ వీల్స్‌కు పెట్టిన ప్రమాణం. రెండోది స్వతంత్ర పరీక్షలో నెగ్గినట్టు చెప్పే గుర్తు. పేరున్న డిజైన్లకు నకళ్లు చాలా ఉన్నాయి, ముద్రను కూడా అచ్చువేసేవాళ్లు ఉన్నారు. కాబట్టి అధీకృత డీలరు దగ్గర బిల్లుతో కొనండి. గుంతలో పడ్డప్పుడు విరిగేది వీల్ అయితే, పణంగా ఉండేది ప్రాణం.

6. చిల్లర సామాను మర్చిపోకండి

- 73 నుంచి 56.1కి తగ్గించే రింగులు నాలుగు. మీ వీల్ సెంటర్ బోర్ వేరైతే బయటి కొలత మారుతుంది.
- ఎం12×1.25 నట్లు ఇరవై. కింది అంచు 60 డిగ్రీల శంఖాకారంలో ఉండాలి. గుండ్రటి అంచు నట్లు వీల్‌లోని శంఖాకారపు గుంటలో సరిగా కూర్చోవు.
- టైరు గాలి ఒత్తిడి చెప్పే సెన్సర్లు. అమెరికాలో 2008 మోడల్ నుంచి కార్లన్నింటికీ ఈ ఏర్పాటు తప్పనిసరి. పాతవి మార్పిస్తారో, కొత్తవి వేసి కారుకు పరిచయం చేయిస్తారో షాపులో ముందే మాట్లాడుకోండి.

7. బిగించడం

హ్యాండ్‌బ్రేక్ వేసి, ఎదుటి వీల్స్‌కు అడ్డు పెట్టండి. వీల్ నేల మీద ఉండగానే నట్లు కొద్దిగా వదులు చేయండి. జాకీతో ఎత్తి స్టాండు పెట్టండి. కేవలం జాకీ మీద ఉన్న కారు దగ్గర పని చేయవద్దు. హబ్ ముఖం మీది తుప్పును వైర్ బ్రష్‌తో గీకండి. బియ్యపు గింజంత తుప్పు పొర మిగిలినా వీల్ వంకరగా ఆనుతుంది. రింగు పెట్టి, వీల్ ఎక్కించి, నట్లన్నీ మొదట చేత్తోనే తిప్పండి. చేత్తో నాలుగైదు చుట్లు సాఫీగా ఎక్కకపోతే మర తప్పిందన్నమాట, ఆపేయండి. స్టడ్లకు నూనె రాయకండి, బిగింపు అంకె తప్పుతుంది.

తర్వాత నక్షత్రం గీసినట్టు, ఒకటి వదిలి ఒకటి బిగించండి. కారును దించి టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకు పూర్తిచేయండి. మీ కారు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. గాలి గన్నుతో చివరి బిగింపు వద్దు. ఎనభై నుంచి వంద కిలోమీటర్లు తిరిగాక అన్ని నట్లూ మళ్లీ రెంచ్‌తో చూడండి.

8. తర్వాత ఏ పార్టు?

వరుస ఇది: బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, అలైన్‌మెంట్, షాక్ అబ్జార్బర్లు, ఆఖరున ఇంజిను. వేగం పెంచే ముందు ఆగడం నేర్పాలి కారుకు. 86 ఇంజినులో 3,500 నుంచి 4,500 ఆర్‌పీఎం మధ్య లాగుడు కాస్త పడిపోతుంది. దాన్ని సరిచేయడానికి హెడర్ (ఇంజిను నుంచి పొగను బయటికి తీసే గొట్టాలు) మార్చి ట్యూన్ చేయిస్తారు. అయితే ఆ పనిలో భాగంగా క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం అమెరికా చట్టానికి విరుద్ధం. కాలిఫోర్నియాలో ఉద్గారాల మీద ప్రభావం చూపే పార్టుకు అక్కడి కాలుష్య మండలి ఇచ్చిన ఆమోద సంఖ్య ఉండాలి. కొనేముందు ఆ సంఖ్య అడగండి.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి మీ కారుకు వీల్స్ మార్చాలనుకునేవారికి ఒక మాట. కొలిచే పద్ధతి ఇదే. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. మీ మోడల్‌కు కంపెనీ ఆమోదించిన సైజుల్లోనే ఎంచుకోండి. మన గుంతల రోడ్ల మీద పల్చటి పక్కగోడ టైరు కంటే కాస్త ఎత్తున్న టైరే రిమ్‌ను కాపాడుతుంది.

ఇక మొదట రాసుకున్న కాగితం తీయండి. కొత్త వీల్ కొలతలు, రింగు సైజు, నట్ల మర, బిగింపు అంకె దాని కిందే రాసి గ్లవ్ బాక్సులో పెట్టండి. రోడ్డు పక్కన టైరు మార్చే మెకానిక్‌కూ, రేపు మీ కారు కొనేవారికీ అది పనికొస్తుంది. నా కారులో ఆ కాగితం ఇప్పటికీ ఉంది. రింగు సైజు కింద రెండు గీతలు గీసి మరీ పెట్టుకున్నాను.